మూసుకోని పిడికిలి

ఎలియేసెర్ ఉసుగాకి ఎడమ చెయ్యి లేదని ఎవరన్నా అంటే అతను ఒప్పుకోడు. "ఉందయ్యా, మీకు కనబడదు, అంతే" అంటాడు. మోచుయెలో ఊళ్ళో ఈ మాటకు నవ్వనివాడు లేడు. ఎడమ చొక్కా చెయ్యిని మోచేతి కింద మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు. ఆ పిన్నీసు కింద ఏముందయ్యా అంటే పిడికిలి ఉందంటాడు. ఆ పిడికిలి బిగుసుకుపోయి నొప్పెడుతోందనీ, వాన వచ్చే ముందు ప్రాణం తోడేస్తుందనీ అంటాడు. మా కొండల్లో వాన రాని రోజేది గనక!

కాఫీ పళ్ళు కోసే పనికి రెండు చేతులూ చాలవు. ఎలియేసెర్ ఒక్క చేత్తోనే కోస్తాడు. కొమ్మకు కొక్కెం తగిలించి కిందికి లాగుతాడు, కొక్కెం తాడును బూటు కింద తొక్కిపెడతాడు, నడుముకు కట్టిన బుట్టలోకి పళ్ళు దూస్తాడు. పక్క వరసలో కోసే ఆర్సేసియో అతని బావమరిది. నోరు ఊరుకోని మనిషి.

"ఏం బావా, ఆ కనబడని చేత్తో కూడా నాలుగు పళ్ళు కొయ్యరాదూ? మేమేమన్నా వద్దన్నామా?"

"అది ఖాళీగా లేదురా."

తోటంతా నవ్వేది. ఏటా అదే పరిహాసం, అదే జవాబు. ఆ జవాబులో నవ్వాల్సింది ఏమీ లేదని ఎలియేసెర్‌కి ఒక్కడికే తెలుసు. ఆ పిడికిట్లో అతని కొడుకు దువాన్ చెయ్యి ఉంది.

మా దగ్గర పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ళ ఎడమ పక్కనే నడుస్తారు. కుడి చేతిలో మచ్చుకత్తి ఉంటుంది కాబట్టి పిల్లల చెయ్యి ఎడమ చేతిదే. ఇది తాతల నాటి అలవాటు. యుద్ధం రోజుల్లో దీనికి ఇంకో కట్టుబాటు తోడైంది. దారి మీద ముందు కంచరగాడిద నడవాలి, మనిషి దాని గిట్టల జాడలోనే అడుగు వెయ్యాలి. అడవిలో ఉన్నవాళ్ళు పటాలం కోసమని మందుపాతరలు పాతేవాళ్ళు. మందుపాతరకు పటాలమెవరో పాలేరెవరో తెలియదు. గాడిద నడిచిన చోట నేల మంచిదని మా నమ్మకం. ఆ నమ్మకం మమ్మల్ని చాలాసార్లు కాపాడింది. అందుకే దాన్ని ఇప్పటికీ తిట్టలేకపోతున్నాం.

ఆ శనివారం సంతకు కాఫీ మూటలు వేసుకుని ఎలియేసెర్ బయలుదేరాడు. అతని పెళ్ళాం నొయేలియాకి జ్వరంగా ఉంది, ఇంట్లో పిల్లాడితో పడలేకపోతోంది. ఆరేళ్ళ దువాన్‌ని తయారు చేసి, తల తడిపి దువ్వి, గుమ్మం దాకా వచ్చింది. "వాడసలే కుదురులేని వెధవ. చెయ్యి వదలకు" అంది. "వదలన్లేవే" అన్నాడు ఎలియేసెర్. తల్లులు గుమ్మంలో నిలబడి అనే మాటే అది. అందులో కొత్తేమీ లేదు.

కొండేసా అనే వాళ్ళ కంచరగాడిద ముందు నడుస్తోంది. పేరు దొరసానిదే గానీ తిండికి మాత్రం తలుపు లేని ఇల్లు. వాగు మలుపులో దారికి కాస్త ఎడంగా ఒక జామచెట్టు ఉండేది. కాయలు పండి పసుప్పచ్చగా వేలాడుతున్నాయి. దొరసానికి వాసన తగిలింది. మూటలతో సహా దారి దిగి చెట్టు కిందికి పోయి, రాలిన పళ్ళు నాలుగు తిని, తోక ఊపుకుంటూ వెనక్కి వచ్చింది. మెత్తటి మట్టిలో దాని గిట్టల జాడ చెట్టు దాకా వరసగా పడి ఉంది.

"నాన్నా, నాకూ ఒక్కటి!" అని దువాన్ గుంజాడు. ఎలియేసెర్ జాడ చూశాడు. గాడిద వెళ్ళి వచ్చిన దారే కదా అనుకున్నాడు. గిట్టల గుంటల్లోనే జాగ్రత్తగా అడుగులు వేశాడు. తను వేశాడు. కొడుకు చెయ్యి మాత్రం వదల్లేదు. చెయ్యి పట్టుకున్న పిల్లవాడు పక్కన నడుస్తాడు గానీ వెనక నడవడు కదా. దువాన్ కాళ్ళు జాడకు ఎడమ పక్కన, ఎవరూ తొక్కని మట్టిలో పడుతున్నాయి. "గట్టిగా పట్టావు నాన్నా, నొప్పి" అన్నాడు వాడు. ఎలియేసెర్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

తర్వాత జరిగింది మా ఊళ్ళో ఎవరూ పూర్తిగా చెప్పరు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కొడుకు లేడు, మోచేతి కింద చెయ్యి లేదు. కానీ ఆ లేని చెయ్యి మూసుకునే ఉంది. లోపల చిన్న వేళ్ళు వెచ్చగా తగులుతున్నాయి. ఎలియేసెర్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నొయేలియాకి అసలే చెప్పలేదు. చెబితే మిగతాదీ చెప్పాలి. చెయ్యి వదిలి ఉంటే వాడు తన వెనక, జాడలో నడిచేవాడు. వదలొద్దన్నది ఎవరు? ఆ మాట ఆమె మీద పడుతుంది. పడనివ్వకూడదు. ఇంత చిన్న లెక్క వేసుకుని ఆ మనిషి ఏళ్ళ తరబడి నోరు మూసుకు కూర్చున్నాడు. మొగుళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది.

నొప్పి మాత్రం దాగదు. వాన ముందు అతను స్తంభానికి భుజం ఆనించి పళ్ళు నూరేవాడు. వేళ్ళు బిగుసుకుని కణుపులు విరుగుతున్నట్టు ఉండేది. మాత్రలు మింగాడు, పసర్లు పూశాడు, సెబాస్టియన్ దేవుడికి కొవ్వొత్తులు వెలిగించాడు. చివరికి ఆర్సేసియోనే ఎక్కడో విని వచ్చాడు. "మెడెజిన్ పట్నంలో పెద్దాసుపత్రిలో, లేని చేతులకు వైద్యం చేస్తున్నారట బావా. నీలాంటి వాళ్ళు వరసలో కూచున్నారట. పోయి రా. నీ మూలుగు వినలేక మా కోళ్ళు గుడ్లు మానేశాయి" అన్నాడు. నొయేలియా అప్పటికే సంచీ సర్దేసింది.

అక్కడ కసరత్తు చేయించే అమ్మాయి పేరు మారిసెల్. వచ్చినవాళ్ళంతా డాక్టరమ్మా అనే పిలుస్తారు. కాదని చెప్పీ చెప్పీ ఆమె అలిసిపోయింది. ఆమె ఎలియేసెర్ కళ్ళకు ఒక బరువైన నల్లపెట్టె కట్టబోయింది.

"గుర్రానికి గంతలు కట్టినట్టుందేమిటమ్మా ఇది?"

"కొంచెం అంతే దొన్ ఎలియేసెర్. ఇది పెట్టుకుంటే ఈ గది మీకు కనబడదు. లోపల కంటికొక తెర ఉంటుంది. రెండు తెరల మీది బొమ్మలకీ రవ్వంత తేడా పెడతాం. మన రెండు కళ్ళూ మామూలుగా చూసేది కూడా అలాగే, రవ్వంత తేడాతో. దాంతో మీ బుర్ర అది బొమ్మని మర్చిపోయి, చోటనుకుంటుంది. మీరు తల ఎటు తిప్పితే బొమ్మా అటు తిరుగుతుంది. వర్చువల్ రియాలిటీ అంటారు. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? కాఫీ తోటకా, సముద్రానికా?"

"తోటలోంచే కదా వచ్చాను! సముద్రమే పెట్టు."

పెట్టగానే ఎలియేసెర్ కుర్చీలో కూర్చుని బూట్లు రెండూ పైకెత్తాడు. అల వస్తోంది, తడుస్తాయని. నొయేలియా కొంగు లేని మనిషి, భుజాల మీద కప్పుకున్న పొంచో అంచు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. తర్వాత మారిసెల్ చేతులు ముందుకు పెట్టమంది. ఎలియేసెర్ తల వంచి చూస్తే ఇసుక మీద రెండు చేతులు కనబడ్డాయి. రెండు.

"కుడి చెయ్యి మూసి, మెల్లగా విప్పండి. ఎడమదీ విప్పుకుంటుంది. చూస్తూ ఉంటే లోపలి చెయ్యి కూడా విప్పుకుంటుంది. చాలామందికి తగ్గింది."

కుడి చెయ్యి విప్పాడు. ఎడమదీ విప్పుకుంది. చూస్తే దాని బొటనవేలి మీద కత్తి గాటు మచ్చ ఉంది. అది తన కుడి చేతి మచ్చ.

"ఇది నా కుడి చెయ్యేనమ్మా. తిరగేసి ఎడమ పక్కన కుట్టారు."

"నిజమే. అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. పనిచేసిందా?"

"బొమ్మ చెయ్యి విప్పుకుంది. నాది విప్పుకోలేదు" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. ఆ సముద్రం ఒడ్డున దువాన్ లేడు. వాడు లేని చోటికి వెళ్ళి ఎవరి చెయ్యి వదలాలి? గంతలు తీయించుకునేసరికి నొప్పితో చొక్కా అంతా తడిసింది.

రెండోసారి మారిసెల్ మామూలు కళ్ళజోడు లాంటిది తెచ్చింది. మొండి చేతి చుట్టూ బిళ్ళలు అంటించింది. "ఇది వేరే రకం. ఇందులో గది ఎక్కడికీ పోదు. నేనూ కనబడతాను, మీ ఆవిడా కనబడుతుంది, ఈ కిటికీ కూడా. లేనిదాన్ని ఒక్కదాన్ని తెచ్చి ఉన్నవాటి మధ్యలో పెడుతుంది. ఆగ్మెంటెడ్ రియాలిటీ అని దీని పేరు."

"ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదేనమ్మా. పేరుందని తెలీదు, అంతే."

మారిసెల్ నవ్వి, బిళ్ళల సంగతి చెప్పింది. చెయ్యి పోయినా మోచేతి కండలు పాత ఆజ్ఞలు వింటూనే ఉంటాయట. వేళ్ళు కదపాలని అతను అనుకుంటే ఆ కండ ఉలుకుతుంది, బిళ్ళలు ఆ ఉలుకును పట్టుకుంటాయి, కళ్ళజోడు దాన్ని చెయ్యిగా చూపిస్తుంది. ఈసారి కుడి చేతికి నకలు కాదు. లోపలి చెయ్యి ఎలా ఉంటే అలాగే కనబడుతుంది.

కనబడింది. మడిచిన చొక్కా కింద నుంచి ముంజేయి, మణికట్టు, పిడికిలి. తన ఒళ్ళో, తన పాత ప్యాంటు మీద, కిటికీ వెలుతుర్లో. మారిసెల్ తన తెర మీద అదే చూస్తోంది.

"పిడికిలి పూర్తిగా ముయ్యండి దొన్ ఎలియేసెర్. మూస్తేనే తర్వాత విప్పడం సులువు."

"మూసే ఉంది."

"లేదు, చూడండి. వేళ్ళు అరచేతికి తగల్లేదు. మధ్యలో ఇంత సందుంది. లోపల ఏదో పట్టుకున్నారు. కొందరు చెయ్యి పోయినప్పుడు చేతిలో ఉన్నదాన్ని అలాగే పట్టుకుని ఉంటారు. మచ్చుకత్తి పిడా?"

"కత్తి నేను కుడి చేత్తో పడతాను" అన్నాడు ఎలియేసెర్, ఆలోచించకుండా.

అనేశాక తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. నొయేలియాకి కళ్ళజోడు లేదు. ఆమెకు కనబడేది పిన్నీసు పెట్టిన చొక్కా చెయ్యే. కానీ మా కొండల్లో పుట్టిన ఆడదానికి ఎడమ చేతిలో ఏముంటుందో ఒకరు చెప్పాలా? ఆమె లేచి వసారాలోకి వెళ్ళిపోయింది.

ఎలియేసెర్ బిళ్ళలు పీకించుకుని వెళ్ళేసరికి ఆమె గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఏడుస్తోందనుకున్నాడు. కాదు, పట్టరాని కోపంతో ఉంది.

"వాడి చెయ్యేనా?"

"ఊఁ."

"ఇన్నేళ్ళూ వాణ్ణి నువ్వొక్కడివే పట్టుకుని తిరుగుతున్నావా? నేను వాడి చొక్కా వాసన చూసుకుని పడుకున్నానయ్యా. ఆ వాసన కూడా పోయింది. నీ దగ్గర వాడి చెయ్యి ఉండి, నాకు ఒక్క మాట చెప్పలేదా? నేను కన్న తల్లిని కానా?"

"చెబితే... మిగతాది కూడా అడుగుతావని."

"ఏ మిగతాది? నేను వదలొద్దన్నదా?"

ఎలియేసెర్ చొక్కా చేతి పిన్నీసు సర్దుకున్నాడు.

"నాకు తెలుసు" అంది నొయేలియా. గొంతు దిగిపోయింది. "మర్నాడు పొద్దున్నే పోయి చూశాను. వాన పడకముందే. గిట్టల గుంటల్లో నీ బూట్లు. పక్కన వాడి కాళ్ళు. చిన్నవి. వదిలి ఉంటే నీ వెనకే నడిచేవాడు. నాకు ఆ రోజే తెలుసయ్యా. నీకు తెలీదులే అని, తెలిస్తే కుమిలిపోతావని ఊరుకున్నాను."

ఇద్దరూ ఆ వసారాలో బల్ల మీద కూర్చుండిపోయారు. ఎవరో నర్సు వచ్చి మంచినీళ్ళు ఇచ్చిపోయింది. ఒకరినొకరు కాపాడుకుందామని ఒకే రాయిని చెరో మూలకు దాచిపెట్టి, ఒకే ఇంట్లో ఒకే పళ్ళెంలో తిన్నారు ఆ ఇద్దరూ.

మర్నాడు నొయేలియానే మారిసెల్‌ని అడిగింది. "ఆ జోడు ఇంకోటి ఉందా అమ్మా? ఆయనకు కనబడేది నాకూ కనబడుతుందా?"

ఉందని చెప్పింది మారిసెల్. గంతల పెట్టెలో ఎవరి లోకం వాళ్ళదేనట. ఈ జోళ్ళతో అలా కాదు, ఒకే గదిలో ఒకే వస్తువును ఇద్దరూ చూడొచ్చు. నొయేలియా కళ్ళజోడు పెట్టుకుని మొగుడి ఎడమ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చెయ్యి పోయిననాటి నుంచీ ఆమె ఆ పక్కన కూర్చున్నది లేదు. ఎప్పుడూ కుడి పక్కే. ఎందుకని ఆమెని ఎవరూ అడగలేదు.

పిడికిలి కనబడింది. ఆమె చాలాసేపు చూసింది. వేళ్ళ మధ్య సందు చూసింది.

"ఇంతే ఉండేది వాడి చెయ్యి" అంది.

"ఇంతే."

ఆమె రెండు చేతులూ ఆ పిడికిలి చుట్టూ గాల్లో దొన్నెలా పట్టింది. అక్కడ ఏమీ తగలదని ఆమెకు తెలుసు. అయినా పట్టింది. మారిసెల్ యంత్రం వైపు తిరిగి అవసరం లేని బొత్తాలు నొక్కుతూ ఉండిపోయింది.

"వదులు" అంది నొయేలియా.

"నువ్వే కదే వదలొద్దన్నావు."

"నేనే అన్నాను. ఆ గుమ్మంలో నిలబడి నేనే అన్నాను. ఇప్పుడూ నేనే చెబుతున్నాను. వాడు నొప్పన్నాడో లేదో నాకు తెలీదు గానీ..."

"అన్నాడు" అన్నాడు ఎలియేసెర్. "గట్టిగా పట్టావు నాన్నా, నొప్పి, అన్నాడు." ఈ మాట అతను ఇంతవరకూ గాలికి కూడా చెప్పలేదు. చెబుతూ పసివాడిలా ఏడ్చాడు.

నొయేలియా కూడా ఏడ్చింది. కళ్ళజోడు మసకబారితే తీసి పొంచోతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "అయితే ఇంకెందుకయ్యా, వదులు. నా చేతిలోకి వదులు. ఇంతసేపూ నువ్వు పట్టుకున్నావు. ఇక నాకివ్వు."

ముందు చిటికెన వేలు కదిలింది. తర్వాత ఉంగరపు వేలు. కాలవలో మునిగిన తాడు ముడి విప్పినట్టు ఒక్కొక్క వేలూ వచ్చింది. ఎలియేసెర్ ఒళ్ళంతా చెమట. ఆఖరికి బొటనవేలు పక్కకు జరిగింది. చెయ్యి విప్పుకుని అరచెయ్యి పైకి తిరిగింది. అందులో ఏమీ లేదు. ఉండదని ముగ్గురికీ తెలుసు, అయినా ముగ్గురూ అందులోకే చూశారు.

ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న నొప్పి అప్పుడే పోయింది. "తగ్గిందా?" అంది నొయేలియా. "తగ్గిందే" అన్నాడు ఎలియేసెర్. కొడుకు పోయాడని కబురు విన్న మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ క్షణాన అతని మొహం అలా ఉంది. ఆ కబురు అతనికి ఆ రోజే అందిందనుకోవాలి.

ఊళ్ళో రంగుల బస్సు దిగగానే జనం మూగారు. నొప్పి పోయిందంటే అందరికీ సంబరమే. ఆర్సేసియో వీపు చరిచాడు. "ఇంకేం బావా! మరి ఇప్పుడన్నా ఆ చెయ్యి ఖాళీయేనా?"

పాపం, వాడికేం తెలుసు.

"ఖాళీయేరా" అన్నాడు ఎలియేసెర్. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను చెప్పిన తీరు అలా ఉంది.

వారం తిరక్కముందే ఒక పొద్దున వాన మబ్బు పట్టింది. నొయేలియా మొక్కజొన్న పిండి కలిపి అరెపా రొట్టెలు తడుతోంది. పొయ్యి మీద బెల్లం నీళ్ళు కాగుతున్నాయి. ఎలియేసెర్ స్తంభం దగ్గర నిలబడి నొప్పి కోసం చూశాడు. రాలేదు. ఇంకాసేపు చూశాడు. పోనీ ఒక్కసారి పట్టుకుని చూద్దామని, ఎవరికీ చెప్పకుండా, లేని చెయ్యిని మెల్లగా మూశాడు. వాడు నడిచేటప్పుడు ఎలా పట్టుకునేవాడో అలాగే. వేళ్ళు ముడుచుకున్నాయి. ముడుచుకుంటూ పోయాయి. ఆగాల్సిన చోట ఆగలేదు.

"నొయేలియా" అన్నాడు.

"ఏమయ్యా, మళ్ళీ నొప్పా?"

"నొప్పి కాదే." స్తంభానికి తల ఆనించాడు. "వేళ్ళు అరచేతికి తగులుతున్నాయే."

ఆమె చేతిలో పిండి ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. పిండి చేతులతోనే వచ్చి అతని ఎడమ పక్కన నిలబడింది. పెనం మీద రొట్టె మాడుతోంది, ఎవరూ తియ్యలేదు.